తాడుతో తెద్దామనుకున్న కారు

 

కిందటి సంచిక అందిన తరువాత జట్ని నుంచి ఒక రైల్వే ఉద్యోగి ఉత్తరం వ్రాశారు. పలాసలో తెలిసినవారి దగ్గర పాత ప్రీమియర్ పద్మిని కొన్నారట. ఇంజను తిరగడం లేదు. "తమరు వెనకటికి ఇచ్ఛాపురం అవతలి నుంచి ఇలాంటి బండినే బరంపురం తెచ్చుకున్నారని మన సంఘంలో పెద్దలు చెప్పారు. తక్కువ ఖర్చులో క్షేమంగా తెచ్చే ఉపాయం చెప్పగలరు" అని అడిగారు. ఆ పెద్దలెవరో గాని, తెచ్చుకున్న సంగతి మాత్రమే చెప్పి, తెచ్చుకున్న విధానం చెప్పలేదన్నమాట. నా పరువు కాపాడదామనుకున్నారేమో. ఇప్పుడు నేనే చెప్పేస్తాను.

2002 సంక్రాంతి వెళ్ళిన వారం. మా మేనమామగారిది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. ఆయనకు 1977 నాటి అంబాసడర్ ఒకటి ఉండేది, మార్క్ త్రీ. మా ఇళ్ళలో ఆ కారు ఎక్కకుండా పెళ్ళయిన వాళ్ళు లేరు. మా ఆవిడ బరంపురం కాపురానికి వచ్చింది ఆ కారులోనే. అటూ ఇటూ రాష్ట్రాలు వేరైనా మా వాళ్ళకు ఆ సంగతి పెద్దగా పట్టేది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడే దాకా ఇచ్ఛాపురం, బరంపురం రెండూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లావే. మా తాతగారి దస్తావేజుల మీద ఇప్పటికీ అలాగే ఉంటుంది. మామయ్య మాత్రం గిరిసోల గేటు దాటినప్పుడల్లా "ఒరే, ఫారిన్ వచ్చేశాం" అని నవ్వేవాడు.

ఆయన 1998లో పోయారు. నాలుగేళ్ళు కారు కొబ్బరాకుల పాకలో ఉండిపోయింది. పాత ఇనుము కొనేవాడు వచ్చి తూకం లెక్కన బేరమాడుతున్నాడని అత్త కబురు పెట్టింది. నేను వెళ్ళి పద్దెనిమిది వేలు చేతిలో పెట్టాను. అత్త ముందు వద్దంది. తీసుకోకపోతే కారు ముట్టుకోనన్నాను. అప్పుడు కొంగున కట్టుకుంది.

ఇక్కడే కాగితాల సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది బండి తెచ్చాక కాగితాలు చూస్తారు. యజమాని కాలం చేస్తే బండి ముందు వారసుల పేరుకు మారాలి. ముప్పై రోజుల్లో ఆర్టీఓకు తెలియపరచి, మూడు నెలల్లోగా ఫారం 31 పెట్టుకోవాలి. మా అత్తకు ఆ సంగతి తెలియదు, మాకూ తోచలేదు. రుసుము కట్టి ఆవిడ పేరున చేయించాం. ఆ తరువాత అమ్మకానికి ఫారం 29, ఫారం 30. బండి రాష్ట్రం దాటుతుంది గనక ఫారం 28, అంటే అభ్యంతరం లేదనే పత్రం. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషను ఐదేసి ఏళ్ళకు పునరుద్ధరించుకోవాలి. దాని రుసుము 2022 ఏప్రిల్‌లో ఆరువందల నుంచి ఐదువేలయింది. కనుక జట్ని మిత్రులు బండి ధరతో పాటు ఆఫీసులో కట్టవలసినది కూడా ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. ఒక్కోసారి రెండవదే ఎక్కువ తేలుతుంది.

సరే, కారు. ఎలకలు వైర్లు కొరికేశాయి. పెట్రోలు ట్యాంకు తుప్పు. కార్బొరేటరు మామయ్య ఉండగానే ఎవరికో ఎరువిచ్చారట, తిరిగి రాలేదు. బరంపురంలో మాకు తెలిసిన మిస్త్రీ "ఎలాగో నా దగ్గరకు చేర్చండి బాబూ, రెండు నెలల్లో నడిపిస్తాను" అన్నాడు. దూరం సుమారు నలభై కిలోమీటర్లు. ఇచ్ఛాపురంలో లారీవాడిని అడిగితే పదిహేను వందలన్నాడు. నాకు గుండె ఆగినంత పనయింది. పద్దెనిమిది వేల కారుకు పదిహేను వందల కిరాయా! స్నేహితుడి జీపు ఉంది, తాడు ఉంటే చాలు, డీజిలు పోయించుకుంటే సరి అనుకున్నాను.

తాడు గోపాలపురంలో తెచ్చాను. అక్కడి మన తెలుగు జాలరులు పడవలకు కట్టే నైలాను తాడు, బొటనవేలంత మందం. ఇది తెగడమంటూ ఉండదని అమ్మినతను చెప్పాడు. అతను చెప్పింది పడవ సంగతి.

తాడు కట్టి లాగడానికి చట్టంలో పద్ధతి ఉంది. 1989 నాటి రోడ్డు నిబంధనలలో స్పష్టంగా వ్రాశారు. రెండు బండ్ల మధ్య ఎడం ఐదు మీటర్లకు మించరాదు. వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటరాదు. వెనక బండి స్టీరింగు దగ్గర లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి, లేదా ముందు చక్రాలు నేలకు తగలకుండా పైకెత్తి పట్టాలి. తాడు దూరానికి కనబడేలా ఏదైనా కట్టాలి. వెనక బండి వీపున తెల్లటి పలక మీద 75 మిల్లీమీటర్లకు తక్కువ కాని నల్లటి అక్షరాలతో 'ఆన్ టో' అని వ్రాయాలి. 2017లో ఆ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి. నేను లాగిన నాటికి పాతవే అమలులో ఉండేవి. మా అబ్బాయి చేత అట్ట మీద చక్కగా వ్రాయించాను. తాడుకు ఎర్ర గుడ్డ కట్టాను. జీపు ఇచ్చిన స్నేహితుడు పైసా తీసుకోలేదు. అది కూడా మంచిదే అయింది. కిరాయి తీసుకుని లాగితే సాధారణంగా సొంత బండి బీమా వర్తించదు. ఉచితంగా లాగినా, వెనక బండికి దెబ్బ తగిలితే ఆ నష్టం బీమా కంపెనీ ఇవ్వదు. ఇవన్నీ సరిగ్గా చూసుకున్నాను. అట్ట మీద అక్షరాలు కొలిచిన మనిషిని బ్రేకు కూడా చూసి ఉండవలసింది.

చూడలేదని కాదు. పాకలో నిలబెట్టి ఉండగా మా బావమరిది పెడలు నాలుగుసార్లు తొక్కాడు. గట్టిగానే ఉంది బావా అన్నాడు. అంతటితో సరి అనుకున్నాం. నాలుగేళ్ళు కదలని బండిలో చక్రాల దగ్గరి బ్రేకు సిలిండర్లలో రబ్బరు వాషర్లు ఎండి బిగుసుకుపోతాయని, మొదటి నాలుగు తొక్కుళ్ళకు నిలిచినా తరువాత చీలి ఆయిలంతా కారిపోతుందని మిస్త్రీ తరువాత చెప్పాడు. ముందు అడిగితే ముందే చెప్పేవాడు.

జీపు నేను నడిపాను. అంబాసడర్‌లో బావమరిది. అత్త గుమ్మంలో నిలబడలేదు, లోపలికి వెళ్ళిపోయింది. అంతకుముందు రోజు రాత్రి భోజనాల దగ్గర "మీ మామయ్య దాన్ని ఒక్కనాడూ తాడు కట్టి తేలేదు బాబూ. ఎక్కడ ఆగిపోతే అక్కడే అందులో పడుకునేవారు, తెల్లారి మిస్త్రీని తెచ్చుకునేవారు" అంది. నేను నవ్వేశాను.

పల్లె దాటి రెండు కిలోమీటర్లు బాగానే వెళ్ళాం. జీడితోట మలుపు దగ్గర సైకిలు మీద కొబ్బరికాయల బస్తాలతో ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు. నేను బ్రేకు వేశాను. వెనక బావమరిది బ్రేకు తొక్కాడు. పెడలు తిన్నగా నేలకు అంటుకుంది. జీపును గుద్దకుండా స్టీరింగు ఎడమకు తిప్పి ఇసుక గట్టుకు ఎక్కించాడు. ముందు చక్రం ఇసుకలో దిగబడి బండి ఆగింది. తాడు వదులై నేల మీద పడింది. ఇవేవీ నాకు తెలియవు. ఆగాలన్నా, కదలాలన్నా హారను కొట్టాలని ముందే అనుకున్నాం. జీపు హారను మోగుతుంది, అంబాసడర్‌లో బ్యాటరీయే లేదు. అతను అరిచాడట. జీపు ఇంజను చప్పుడులో నాకేం వినిపిస్తుంది? సైకిలు దాటిపోయింది, నేను యాక్సిలరేటరు తొక్కాను.

నైలాను తాడు సాగుతుంది. దానికి ఉన్న సుగుణం అదే, దుర్గుణమూ అదే. వదులుగా ఉన్న తాడును ఒక్కసారి జీపు గుంజింది. ఇసుకలో దిగబడిన కారు రాలేదు. తాడు రబ్బరులా సాగి, జీపు వెనక పట్టీ అంచు దగ్గర, నేను ముడి వేసిన చోటే తెగింది. ముడి వేసిన చోట తాడు బలం దాదాపు సగం పోతుందట. పైగా ఇనుప అంచు కోసింది. తెగిన కొస కొరడాలా వెనక్కు వెళ్ళి అంబాసడర్ ముందు అద్దానికి తగిలింది. తుపాకీ పేలినట్టు చప్పుడు. నేను జీపు ఆపి పరుగెత్తేసరికి అద్దమంతా జొన్నపేలాల్లా బావమరిది ఒళ్ళో ఉంది. ముఖం మీద రక్తపు చుక్కలు. కళ్ళజోడు మీద ఎడమ వైపు ఒక పెద్ద గీత.

ఆ కళ్ళజోడు లేకపోతే ఏమయ్యేదో నేను ఇప్పటికీ పూర్తిగా ఊహించుకోను. అతనికి అప్పటికి పెళ్ళయి ఏడాది. ఇచ్ఛాపురంలో డాక్టరుగారు నుదుటి మీద మూడు కుట్లు వేసి, చిన్న చిన్న పలుకులు చిమటాతో తీశారు. అంతసేపూ అతను నన్ను ఒక్క మాట అనలేదు. అదే కష్టంగా ఉంది. చివరికి బయటికి వచ్చాక "ఇంటికాడ అక్కతో అద్దం దానంతట అదే పగిలిందని చెప్దాం బావా" అన్నాడు. చెప్పాం. మా ఆవిడ నమ్మలేదు.

మర్నాడు లారీ.

ఆ లారీ బేరం చెబుతాను. ఇది ఉపయోగపడే సంగతి. ఇచ్ఛాపురంలో ఉన్న లారీని బరంపురం కిరాయికి మాట్లాడితే పోనూ రానూ డబ్బు అడుగుతాడు. బరంపురం నుంచి సరుకు తెచ్చి దింపి ఖాళీగా వెనక్కి పోతున్న లారీని పట్టుకుంటే సగానికి వస్తుంది. సరుకు దింపే గోదాముల దగ్గర టీ కొట్టులో కూర్చుంటే అన్నీ తెలుస్తాయి. తొమ్మిది వందలకు కుదిరింది. ముందు ఒక చిన్న నాలుగు చక్రాల లారీవాడు ఆరువందలకే వస్తానన్నాడు. అంబాసడర్ పొడవు పద్నాలుగు అడుగులు, అతని తొట్టి పది అడుగులు. వెనక నాలుగడుగులు గాలిలో వేలాడుతుందని చెబితే, "పరవాలేదండీ, ఎర్ర గుడ్డ కడదాం" అన్నాడు. ఎర్ర గుడ్డ మీద నాకు అప్పటికే నమ్మకం పోయింది. దండం పెట్టి పంపేశాను.

కారును నాలుగున్నర అడుగుల ఎత్తు లారీలోకి ఎక్కించడం ఎలా? క్రేను పిలిస్తే మిగిలినదంతా దానికే. లారీ డ్రైవరే ఉపాయం చెప్పాడు. కారును పైకెత్తడం ఎందుకు, లారీని కిందికి దింపుదాం అని. అప్పటికి ఐదవ నంబరు జాతీయ రహదారి, అంటే ఇప్పటి పదహారు, నాలుగు వరసలు పూర్తి కాలేదు. ఎక్కడ చూసినా మట్టి తవ్విన గోతులు. ఒక గోతిలోకి లారీని వెనక్కి దింపాడు. డాలా తీసేస్తే లారీ తొట్టి, గట్టు సమానమయ్యాయి. మధ్య జానెడు సందు. రెండు మందపాటి గుగ్గిలం చెక్కలు వేసి, పదిమందిమి నెట్టుకుంటూ కారును లోపలికి తీసుకుపోయాం. నెట్టేటప్పుడు ఒక్కరు కూడా కారు ముందు గాని, దిగువ వైపు గాని నిలబడకూడదని డ్రైవరు అందరినీ తిట్టి మరీ పక్కకు జరిపాడు. అతని చేతిలో రెండు చెక్క దిమ్మలు. కారు మూరెడు జరిగినప్పుడల్లా చక్రం వెనక దిమ్మ పెట్టేవాడు. బ్రేకు లేని బండికి ఆ దిమ్మే బ్రేకు.

లోపల కట్టే పద్ధతి కూడా అతని దగ్గరే నేర్చుకున్నాను. బంపరుకు కట్టకూడదు, ఊడి వస్తుంది. శరీరానికి కట్టినా స్ప్రింగుల మీద బండి ఊగి తాడు వదులవుతుంది. ముందు, వెనక ఇరుసులకు కట్టి, నాలుగు మూలలకు ఎదురెదురుగా బిగించాలి. గేరులో పెట్టాలి. నాలుగు చక్రాలకూ రెండు వైపులా దిమ్మలు పెట్టి మేకులు కొట్టాలి. పది కిలోమీటర్లు వెళ్ళాక ఆగి మళ్ళీ బిగించాలి. మేము ఆగినప్పుడు రెండు తాళ్ళు నిజంగానే వదులై ఉన్నాయి.

పురుషోత్తపురం చెక్‌పోస్టులోను, గిరిసోలలోను కాగితాలన్నీ చూసి వదిలారు. లేకపోతే గంజాంలో అడుగు పెట్టేవాళ్ళం కాదు.

బరంపురం చేరాక ఒక ముఖ్యమైన విషయం గుర్తొచ్చింది. ఎక్కించడానికి గొయ్యి దొరికింది, దింపడానికి? మిస్త్రీ షెడ్డు చదునుగా పళ్ళెంలా ఉంటుంది. లారీ డ్రైవరు గంటన్నర ఆగాడు, తరువాత గడియారం చూడడం మొదలుపెట్టాడు. సాయంత్రం అవుతోంది. చివరకు మిస్త్రీ కుర్రవాడు ఒక కలప డిపో చూపించాడు. దుంగలు లారీలోకి దొర్లించే మట్టి గట్టు అక్కడ ఉంది. డిపో యజమాని టీ ఇప్పించి మరీ గట్టు ఇచ్చాడు. అక్కడి నుంచి మిస్త్రీ షెడ్డుకు ఫర్లాంగు దూరం. చేతులతో నెట్టుకుంటూ వెళ్ళాం, చెక్క దిమ్మ పట్టుకుని వెనక నేను.

రాత్రి లెక్క వేశాను. తాడు మూడువందల ఇరవై. జీపు డీజిలు రెండువందల యాభై. డాక్టరుగారికి, మందులకు నాలుగువందలు. సెకండ్ హ్యాండు ముందు అద్దం, రబ్బరుతో సహా పదకొండు వందలు. బావమరిదికి కొత్త కళ్ళజోడు ఆరువందలు. లారీ తొమ్మిది వందలు, నెట్టినవాళ్ళకు రెండువందలు. మొదట్లో లారీవాడు అడిగిన పదిహేను వందలకు నేను బేరం ఆడి పన్నెండు వందలకైనా తెచ్చి ఉండేవాణ్ణి. ఆ కాగితం మా ఆవిడ చాలాకాలం పోపుల డబ్బాలో దాచింది. నేను ఏదైనా చవకగా కొందామన్నప్పుడల్లా తీసేది.

ఇక జట్ని మిత్రులకు. పలాస నుంచి మీకు రెండువందల కిలోమీటర్లు దాటుతుంది. గంటకు 24 చొప్పున తాడు మీద లాగితే తొమ్మిది పది గంటలు, అదీ జాతీయ రహదారి మీద, మీ వెనక ఎనభై మీద వచ్చే లారీల మధ్య. తాడు మాట మరిచిపొండి. పైగా పద్మినికి, అంబాసడర్‌కు వెనక చక్రాలు తిరిగితే గేరు బాక్సు వెనక భాగం కూడా తిరుగుతుంది. ఇంజను ఆగి ఉంటే లోపలి పళ్ళచక్రాలు ఆయిలును చిమ్మవు. పది కిలోమీటర్లకు ఏమీ కాదు గాని, అంత దూరం లాగితే గేరు బాక్సు ఎండిపోయి పాడవుతుంది. తప్పనిసరి అయితే వెనక డిఫరెన్షియల్ దగ్గర నాలుగు బోల్టులు విప్పి షాఫ్టు తీసేయాలి. మారుతి లాంటి ముందు చక్రాల బండ్లయితే ముందు చక్రాలు పైకెత్తి లాగుతారు.

పల్లె నుంచి మెయిన్ రోడ్డు దాకా మాత్రం లాగక తప్పదంటారా, సరే. ముందు రోజే మిస్త్రీని తీసుకువెళ్ళి నాలుగు చక్రాలు విప్పించి బ్రేకు వాషర్లు కొత్తవి వేయించండి. ఆ వాషర్ల ఖర్చు మా కుట్ల ఖర్చు కంటే తక్కువ. హ్యాండు బ్రేకు పనిచేస్తోందో లేదో వాలు మీద పెట్టి చూడండి. టైర్ల పక్కలు వేలితో నొక్కి పగుళ్ళు చూడండి, గాలి నిలిచినంత మాత్రాన సరిపోదు. ఎరువు బ్యాటరీ ఒకటి పెట్టండి, హారనుకు. తాళం తీసేస్తే స్టీరింగు బిగుసుకుపోయే బండ్లు ఉంటాయి, తాళం తిప్పి ఉంచండి. తాడు బదులు రెండు కొసలా కొక్కేలున్న ఇనుప కడ్డీ లారీ మిస్త్రీల దగ్గర అద్దెకు దొరుకుతుంది. కడ్డీకి సాగడం, వదులవడం ఉండదు. అదీ దొరక్క తాడే అయితే మధ్యలో తడి గోనె సంచి చుట్టండి. తెగినా ఆ బరువుకు కొస ఎగరకుండా కింద పడుతుంది. వెనక బండిలో కూర్చునే మనిషి మీ దగ్గర జీతానికి ఉన్నవాడైనా, సొంత బావమరిదైనా, పెడలు మీరు ముందుగా ఒకసారి కూర్చుని, కదిలే బండిలో తొక్కి చూడండి.

ఇప్పుడు చదునుగా ఉండి వెనక్కి వాలే బండ్లు వచ్చాయి. కారును గొలుసుతో పైకి గుంజుకుని పోతారు, గోతులు వెతకనక్కరలేదు. ఫోను చేస్తే వస్తాయి. కానీ పలాస నుంచి అంటే కిరాయి ఎక్కువ చెబుతారు. ఖాళీగా వెనక్కి పోయేదేమైనా ఉందా అని అడగడం మరవకండి. ఆ పద్ధతి మాత్రం మారలేదు.

మిస్త్రీ రెండు నెలలన్నవాడు ఐదు నెలలు చేశాడు. ఆ జూన్‌లో కారు తీసుకుని అత్త దగ్గరకు వెళ్ళాం. బావమరిది నడిపాడు, నేను పక్కన. అత్త చుట్టూ తిరిగి చూసి, కొత్త అద్దం మీద వేలు పెట్టి, "దీని రంగు వేరేగా ఉంది" అంది. నిజమే, కొంచెం పచ్చగా ఉంటుంది. తరువాత బావమరిది నుదుటి మచ్చ చూసింది, నన్ను చూసింది, ఏమీ అనలేదు. వెనక సీట్లో ఎప్పుడూ తాను కూర్చునే కుడి వైపు కూర్చుని, ఇచ్ఛాపురం సంతకు తీసుకుపొమ్మంది.

అంబాసడర్ తయారీ 2014 మేలో ఉత్తర్‌పాడా కర్మాగారంలో ఆగిపోయింది. మాది 2016 దాకా తిరిగింది. బరంపురంలో మట్టి గట్టు ఉన్న ఆ కలప డిపో ఇప్పుడు లేదు, అక్కడ కల్యాణ మండపం కట్టారు. జట్నిలో దింపడానికి ఎత్తయిన గట్టు ఎక్కడుందో, బండి కదిలే ముందే చూసి పెట్టుకోండి.